ఆటస్థలమున తల్లిదండ్రుల మురిపెము

బిడ్డ జన్మించుటవలన గాక, లోకము వానిని శ్లాఘించుటవలననే తండ్రికి నిజమైన పుత్రోత్సాహము కలుగునని సుమతీశతకము బోధించుచున్నది. ఈ నీతిని మనలో చాలమంది చిన్ననాట బడిలో వల్లించినవారమే. కాని లోకము శ్లాఘింపని బిడ్డ యొకడున్నాడనుకొందము. పేరుపెట్టి పిలిచిన తిరిగి చూడడు. తోటిబాలురతో కలియడు. వీథిలో మేళము వినబడినచో చెవులు మూసికొని నేల కూలబడును. చుట్టములు వానిని చూచి జాలిపడుదురు. లేదా ముఖము త్రిప్పుకొందురు. ఇట్టి బిడ్డను కన్నవారికి పుత్రోత్సాహమునకు హక్కు లేదా? శతకకారుని మాటను ఉన్నదున్నట్లు గ్రహించినచో లేదనియే చెప్పవలసివచ్చును.

మొన్నొక సాయంకాలమున మా పట్టణపు ఆటస్థలమునందు నేనొక తల్లిని చూచితిని. ఆమె పదేండ్ల కుమారునిచేత బ్యాడ్మింటన్ రాకెట్టు పట్టించి, నాలుగడుగుల దూరమున నిలిచి, షటిల్‌ను మెల్లగా వానివైపు విసరుచుండెను. కుమారునికి ఆటిజమని ఆమెయే నాతో చెప్పినది. మొదట స్కేటింగు నేర్పజూచిరట. చక్రముల చప్పుడును వాడు సహింపలేకపోయెను. పిమ్మట క్రికెట్టునకు తీసికొనిపోయిరి; వంతు వచ్చువఱకు కాచుకొనుట వానివలన కాలేదు. ఇది మూడవ ఆట. నేను చూచుచుండగా ముప్పదిమాఱులకు తక్కువ గాక గుఱి తప్పెను. తుదకొకమాఱు రాకెట్టు తగిలి షటిల్ తల్లి పాదములకడ పడెను. చప్పట్లు కొట్టినవా రెవ్వరును లేరు. ప్రక్కన ఆడుకొనుచున్న పిల్లలు తల యెత్తి చూడనైన లేదు. ఆ తల్లి ముఖమును మాత్రము నేను చూచితిని. లోకము ఒక్కమాటయు పలుకకయే అచట పుత్రోత్సాహము సంపూర్ణముగా నుండెను.

ఇట్టి మురిపెము సహజమనియు, ఏ తల్లికైనను అప్రయత్నముగా లభించుననియు మనకు తోచును. చరిత్రను పరిశీలించినచో అట్లుగాదని తెలియును. ఆటిజముగల బిడ్డల తల్లిదండ్రులకు మొదట జాలి లభించెను; తరువాత నింద లభించెను; మురిపెము మాత్రము వారు స్వయముగా సంపాదించుకొనవలసినదాయెను. ఆ సంపాదనకథను చదువరుల కెఱిగించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఆటిజమను పదము మన చెవికి ఆటవలె వినబడును గాని, గ్రీకుభాషయందలి దాని మూలమునకు 'తాను' అని యర్థము. స్విట్జర్లాండు దేశపు మనోవైద్యుడు యూజెన్ బ్లాయిలర్ 1911వ సంవత్సరమున అచ్చయిన గ్రంథమునందు, లోకమునుండి మరలి తనలోనికి ముడుచుకొనిపోవు రోగుల స్థితికి ఈ పేరు పెట్టెను. బాలురయందలి యీ స్వభావమును మొట్టమొదట సమగ్రముగా వర్ణించినది ఒక స్త్రీ. మాస్కోనగర వైద్యురాలు గ్రున్యా సుఖరేవా 1925లో ఆఱుగురు బాలురను గూర్చి వ్రాసినది. వారి యేకాంతప్రియత్వముతోపాటు, వారి నడకయందును చేతిపనులయందును గల తడబాటును గూడ ఆమె గుర్తించినది. ఈ తడబాటు మన విషయమునకు ముఖ్యము. ఆటిజముగల బిడ్డలలో పలువురికి బంతిని పట్టుటలోను, శరీరమును తూకము తప్పకుండ నిలుపుటలోను కష్టముండును. ఆటయనగా ఇతర బాలురకు విశ్రాంతి. వీరికి అదియొక విద్య. అయినను ఆమె వ్రాత పాశ్చాత్యదేశములయందు చిరకాలము మఱుగుపడి యుండెను.

1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు నగరమందు జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయపు డాక్టరు లియో కానర్ ఎనమండుగురు బాలురను, ముగ్గురు బాలికలను గూర్చి ఒక వ్యాసము ప్రకటించెను. ఆటిజమునకు ప్రత్యేకమైన పేరును స్థానమును వైద్యశాస్త్రమున కలిగించినది ఆ వ్యాసమే. అందలి మొదటి బాలుడు డొనాల్డ్ ట్రిప్లెట్. ఇతడు 1933లో మిసిసిపీ రాష్ట్రమందలి ఫారెస్టు అను చిన్నపట్టణమున జన్మించెను. మూడేండ్ల ప్రాయమున నుండగనే వైద్యులు వానిని ఇల్లు విడిపించి ఒక సంస్థయందుంచుడని చెప్పిరి. తలిదండ్రులు 1937లో అట్లే చేసిరి. కాని సంవత్సరమైన పిమ్మట వారి మనస్సు నిలువలేదు. సంస్థవారి సలహాను త్రోసివైచి బిడ్డను ఇంటికి తెచ్చుకొనిరి. న్యాయవాదియగు తండ్రి తన కుమారుని నడవడిని, మాటలను, ఇష్టానిష్టములను వివరించుచు 33 పుటల లేఖను టైపుచేయించి కానర్‌కు పంపెను. బాలుని మొదటమాఱు చూచుటకు పూర్వమే వైద్యునికి ఆ లేఖ చేరినది. కావున ఆటిజమును గూర్చిన ఆధునికశాస్త్రమున ప్రథమాధ్యాయము ఒక తండ్రి వ్రాసినదనుట అతిశయోక్తి గాదు. బిడ్డను చూడనిచ్చగింపనివారు పదివాక్యములు వ్రాయలేరు. 33 పుటలు వ్రాయుటకు ప్రేమతోగూడిన దృష్టి కావలయును.

డొనాల్డ్ కథ అంతటితో ముగియలేదు. 1942లో తలిదండ్రులు వానిని సమీపమునందలి ఒక రైతుదంపతుల యింట నుంచిరి. ఆ బాలునికి లెక్కించుటయనిన పిచ్చి. మొక్కజొన్న సాళ్లను మరల మరల లెక్కించుచుండెడివాడు. ఆ రైతు వానిని మందలింపలేదు. నాగలి చేతికిచ్చి, దున్నుచు లెక్కింపుమనెను. 1945లో కానర్ స్వయముగా అచటికి పోయి, గుఱ్ఱమును అదలించుచు, సాలుచివర నాగలిని త్రిప్పుచు దున్నుచున్న బాలుని చూచి, ఆ దంపతుల వివేకమునకు ఆశ్చర్యపడెను. బాలుని స్వభావమును విఱుగగొట్టక, దానికే ఒక పని కల్పించుట వారి రహస్యము. తరువాతికాలమున ఆటలు నేర్పు ఉపాధ్యాయులు గ్రహించిన సూత్రమిదియే. డొనాల్డ్ కళాశాలలో చదివి, 1958లో పట్టము పొంది, బ్యాంకులో పనిచేసెను. యౌవనమున గోల్ఫు నేర్చుకొని, వృద్ధాప్యమువఱకు దానిని విడువలేదు. వైద్యులు ఇంటినుండి వెడలగొట్టుమనిన బాలుడు తన యూరిలో అందఱికిని ఎఱుకపడిన గోల్ఫు ఆటగాడై, దేశదేశములు తిరిగి, 89 యేండ్లు జీవించి, 2023లో మృతినొందెను.

ఇదే కాలమున మఱియొక చోట జరిగినదానిని గూడ చెప్పకతప్పదు. వియన్నానగరమున హాన్స్ ఆస్పర్గర్ 1944లో నలుగురు బాలురను గూర్చి వ్రాసి, వారి ప్రత్యేకమైన ప్రతిభను మెచ్చుకొనెను. ఆయన పేరు అనేక దశాబ్దములు బాలరక్షకుల పేరులలో నొకటిగా నుండెను. కాని 2018లో చరిత్రకారుడు హెర్విగ్ చెక్ ఆనాటి పత్రములను పరిశోధించి, ఆయన కొందఱు బిడ్డలను ష్పీగెల్‌గ్రుండ్ అను చికిత్సాలయమునకు పంపుటకు సమ్మతించెనని బయలుపఱచెను. నాజీప్రభుత్వకాలమున ఆ చికిత్సాలయమందు సుమారు 800 మంది బిడ్డలు మరణించిరి. వారిలో పలువురు బుద్ధిపూర్వకముగా చంపబడినవారు. ప్రయోజనముగల బిడ్డను మెచ్చుకొని, ప్రయోజనము లేదనిపించిన బిడ్డను మృత్యువునకు వదలు న్యాయము ఎక్కడికి దారితీయునో ఇది చూపుచున్నది. లోకముయొక్క మెప్పును కొలతగా పెట్టుకొనినవారు ఈ యుదాహరణమును మఱువరాదు.

యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికాదేశమున క్రొత్తవిపత్తు బయలుదేఱినది. కానర్ 1943లో ఈ స్థితి పుట్టుకతో వచ్చినదని వ్రాసినను, తలిదండ్రులలో పలువురు ఉత్సాహహీనులని గూడ ఒకమాట చేర్చియుండెను. 1949 నాటికి ఆ రెండవమాటయే ఆయన వ్రాతలలో ప్రబలెను. బిడ్డలు ప్రేమయను వెచ్చదనములేని యింట పెరిగిరని ఆయన సూచించెను. ఇతరులు దానిని పెంచి పెద్దచేసి, శీతలయంత్రమువంటి తల్లియను అపవాదమును లోకమున వ్యాపింపజేసిరి. షికాగో విశ్వవిద్యాలయమునకు చేరిన బాలల పాఠశాలాధ్యక్షుడు బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో 'ఖాళీకోట' యను అర్థముగల పేరుతో గ్రంథము ప్రకటించి, తల్లి తన్ను కోరలేదని భావించుటచేతనే బిడ్డ తనలోనికి ముడుచుకొనునని వాదించెను. ఈ వాదము పత్రికల కెక్కినది, వైద్యశాలల కెక్కినది. బిడ్డను చూపుటకు పోయిన తల్లి ముద్దాయివలె నిలువవలసివచ్చెను. ఇట్టి తల్లికి బిడ్డనుగూర్చి మురియుట యెక్కడిది? బిడ్డ ప్రతి తప్పటడుగును ఆమెపై సాక్ష్యము చెప్పుచుండెను.

పాశ్చాత్యుల మూఢత్వమని మనము దీనిని చూచి నవ్వరాదు. మనభాషయే మనకు సాక్షి. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మనము పెట్టిన పేరు గ్రహణపు మొఱ్ఱి. గర్భిణి గ్రహణకాలమున బయటికి వచ్చుటయో, కత్తి చేతబట్టుటయో చేసినదనియు, ఆ దోషము బిడ్డకు తగిలినదనియు ఆ పేరులోనే తీర్పు ఇమిడియున్నది. శరీరమునందలి లోపమునకు గ్రహణము. మనస్సునందలి భేదమునకు పూర్వజన్మకర్మము. షికాగోలోని పండితుడు శాస్త్రముపేర చేసినదానినే మన గ్రామములలో పెద్దలు ఆచారముపేర చేసిరి. బిడ్డ భిన్నముగా పుట్టినయెడల తల్లిని వెదకి నిందించుట రెండుచోట్లను ఒక్కటియే.

ఈ నిందను తొలగించినవారు ప్రధానముగా తల్లిదండ్రులే. బెర్నార్డ్ రిమ్లాండ్ అమెరికా నౌకాదళమందు పనిచేయుచుండిన మనశ్శాస్త్రజ్ఞుడు. ఆయన కుమారునికి ఆటిజము. గ్రంథాలయముల వెంట తిరిగి, దొరికిన ప్రతి వ్రాతను చదివి, తల్లి నిందకు ఆధారము లేదనియు, కారణము శరీరధర్మమునందున్నదనియు 1964లో ఒక గ్రంథమున నిరూపించెను. దానికి పీఠిక వ్రాసినవాడు సాక్షాత్తు కానరే. మఱుసటియేట తల్లిదండ్రులు కూడి ఒక జాతీయసంఘమును స్థాపించిరి. అట్లే ఇంగ్లాండునందు 1962లోనే తల్లిదండ్రుల సంఘము వెలసి, మూడేండ్లలో తమ బిడ్డలకై పాఠశాలను తెఱచెను. ఆ సంఘస్థాపకులలో ఒకరైన డాక్టరు లోర్నా వింగ్ తన కుమార్తెను పెంచుచునే, జుడిత్ గూల్డ్‌తోగూడి లండనులోని కాంబర్వెల్ ప్రాంతపు బిడ్డలను పరిశీలించి 1979లో ఫలితములను ప్రకటించినది. ఆటిజము ఒకే మూసలో పోసిన రోగము గాదనియు, ఇంద్రధనుస్సునందలి వర్ణములవలె క్రమక్రమముగా మాఱు స్వభావములు దానియందున్నవనియు లోకమునకు బోధపఱచినది ఆమెయే.

బెటెల్‌హైమ్ గ్రంథము వెలువడిన 1967లోనే క్లారా పార్క్ అను తల్లి తన కుమార్తెను గూర్చి 'ముట్టడి' యను అర్థముగల పేరుతో గ్రంథము ప్రకటించినది. ఒకరు బిడ్డను కోటయనిరి, రెండవవారును కోటయనిరి. పండితుడు ఆ కోట ఖాళీగా నున్నదనెను. తల్లి మాత్రము లోపల నున్నవారికొఱకు సంవత్సరములకొలది వాకిట విడిది చేసినది. ఎవరి మాట నిజమైనదో కాలము నిర్ణయించెను. 1969లో తల్లిదండ్రుల సభకు వచ్చి కానర్ వారిని నిర్దోషులుగా ప్రకటించెను. 1977లో సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ అను వైద్యులు 21 జతల కవలలను పరీక్షించిరి. ఒకే అండమునుండి పుట్టిన 11 జతలలో నాలుగింట ఇరువురికిని ఆటిజముండెను; వేఱువేఱు అండములనుండి పుట్టిన 10 జతలలో ఒక్క జతయందును అట్లు లేదు. కారణము పెంపకమునందు గాక పుట్టుకయందున్నదనుటకు ఇది బలమైన ప్రమాణమాయెను. తల్లి బోనునుండి దిగివచ్చినది. ఇక ఆమె బిడ్డను స్వేచ్ఛగా చూడవచ్చును. తడబడు అడుగునుగూడ నేరముగా గాక ప్రయత్నముగా ఎన్నవచ్చును.

నింద తొలగుట ఒకటి. బిడ్డను నలుగురిలో నిలుపుట మఱియొకటి. ఈ రెండవపని ఆటస్థలమునందు జరిగెను. దానికి మూలకారణము మేధోవైకల్యముగల ఒక స్త్రీ. అమెరికాదేశాధ్యక్షుడైన జాన్ కెనడీకి రోజ్‌మేరీ అను చెల్లెలు గలదు. 1941లో తండ్రి నిర్ణయముచే ఆమె మెదడునకు శస్త్రచికిత్స జరిగినది. అది వికటించి ఆమె నడకను, మాటను పోగొట్టినది. పిమ్మట ఆమె చిరకాలము లోకదృష్టికి దూరముగా నుంచబడెను. అంతకుముందు ఆమెతోగూడి ఈదినదియు, పడవ నడిపినదియు చెల్లెలు యూనిస్ కెనడీ శ్రైవర్. 1962వ సంవత్సరపు వేసవిలో శ్రైవర్ మేరీలాండునందలి తన యింటి ఆవరణమును మేధోవైకల్యముగల బిడ్డలకు తెఱచి, తానును నీటిలో దిగి వారికి ఈత నేర్పినది. ఈ బిడ్డలు ఆడలేరనియు, ఆడించుట అపాయమనియు పెద్దలనుకొనుచుండిన కాలమది. ఆఱేండ్లకు, 1968 జూలై 20వ తేదీన, షికాగోలోని సోల్జర్ ఫీల్డు మైదానమున మొదటి స్పెషల్ ఒలింపిక్సు జరిగెను. అమెరికాలోని 26 రాష్ట్రములనుండియు, కెనడానుండియు సుమారు వేయిమంది వచ్చిరి. అంత పెద్ద మైదానమునకు ప్రేక్షకులు స్వల్పము. అయినను ఇంటిగదులలో దాచబడిన బిడ్డలు బహిరంగముగా పరుగెత్తుటయు, వారివారు వారిని చూచుటయు అక్కడ జరిగెను. మేధోవైకల్యముగూడ గల ఆటిజపు బిడ్డలు అనేకులు ఆ ద్వారముననే పిమ్మట ఆటలలో ప్రవేశించిరి.

మెప్పు కొఱకు పరుగిడిన చోట మాత్రము కీడు వెంబడించెను. 2000 సంవత్సరమున సిడ్నీ పారాలింపిక్సులో మేధోవైకల్యముగలవారి బాస్కెట్‌బాలు పోటీలో స్పెయిన్ జట్టు స్వర్ణపతకము గెలిచెను. ఆ జట్టునందలి 12 మందిలో 10 మందికి ఏ వైకల్యమును లేదని తరువాత బయలుపడినది. పతకము వెనుకకు పుచ్చుకొనబడెను. కాని శిక్ష మోసగాండ్రతో ఆగలేదు. మేధోవైకల్యముగల ఆటగాండ్ర పోటీలన్నియు తొలగింపబడి, 2004లోను 2008లోను వారికి ప్రవేశము లేకపోయెను. ఆరోగ్యవంతులు పతకమునకై చేసిన పాపమునకు నిర్దోషులైన బిడ్డలు పండ్రెండేండ్లు బయట నిలిచిరి. 2012లో లండనునందు ద్వారము మరల తెఱువబడగా, ఆస్పర్గర్ లక్షణములుగల జెస్సికా జేన్ ఆపిల్‌గేట్ అను పదునాఱేండ్ల బాలిక 200 మీటర్ల ఈతలో స్వర్ణపతకము గెలుచుకొన్నది.

లోకపు మెప్పునందు మఱియొక లోపము గలదు. అది అద్భుతమును మాత్రమే చూచును. 2006 ఫిబ్రవరి 15వ తేదీన న్యూయార్కు రాష్ట్రమందలి ఒక పాఠశాలలో ఆటిజముగల జేసన్ మాక్‌ఎల్వేన్ అను బాలుడు ఆట ముగియుటకు నాలుగు నిమిషములుండగా బాస్కెట్‌బాలు మైదానమున దిగి 20 అంకములు సాధించెను. దేశమంతయు చప్పట్లు చఱచెను. సంతోషమే. కాని అంతవఱకు ఆ బాలుడు జట్టునకు నీరు, తువాళ్లు అందించుచు బల్లపై కూర్చుండినవాడు. ఆ దినములను ఎవ్వరు మెచ్చిరి? తల్లిదండ్రులు మాత్రము ఆ బల్లపై కూర్చుండిన బిడ్డనుగూడ చూచుచునే యుండిరి. లోకమునకును కన్నవారికిని భేదమిచటనే యున్నది.

ఈ విషయమున ఆటిజముగలవారు స్వయముగా చెప్పిన మాటకు అన్నిటికంటె ఎక్కువ గౌరవమీయవలయును. 1993లో జిమ్ సింక్లెయిర్ తల్లిదండ్రుల నుద్దేశించి ఒక వ్యాసము ప్రకటించిరి. తమవంటివారు పుట్టినందుకు దుఃఖింపవలదనియు, లేని బిడ్డకొఱకు ఏడ్చుచు ఉన్న బిడ్డను పోగొట్టుకొనవలదనియు దాని సారాంశము. ఆటలకిది మిక్కిలి వర్తించును. బిడ్డ ఇతరులవలె మాఱుచున్నాడని మురియు తండ్రి, బిడ్డను గాక ఇతరులను ప్రేమించుచున్నాడు. బిడ్డ తన రీతిని తాను ఒక క్రొత్తపనికి పూనుకొన్నాడని మురియుటయే న్యాయమైన మురిపెము.

మనదేశమున ఈ చరిత్ర ఆలస్యముగా నారంభించినను వేగముగా నడచెను. మేధోవైకల్యముగలవారికొఱకు 1984లో సికింద్రాబాదునందు జాతీయసంస్థ నెలకొల్పబడినది. ఆటిజముగల కుమారుని తల్లియగు మెరీ బారువా 1991లో ఢిల్లీయందు ఆక్షన్ ఫర్ ఆటిజం అను సంస్థను స్థాపించినది. ఇక్కడను తల్లియే ముందడుగు వేసినది. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను పేర్కొనినను అందు ఆటిజము పేరు లేదు. 1999లో ఏర్పడిన నేషనల్ ట్రస్టు చట్టమునందు ఆ పేరు చేరినది. 2016 నాటి హక్కుల చట్టము 21 వైకల్యములను గుర్తించి, వానిలో ఆటిజమును చేర్చెను. చట్టమున పేరు లేని బిడ్డకు బడి తలుపు తట్టుటకును హక్కుండదు గనుక ఇది స్వల్పవిషయము గాదు.

ఈ చట్టముల వెనుక రెండు జీవితములను చదువరుల యెదుట నుంచెదను. ముంబయినగరమున పెరిగిన జియా రాయ్ నౌకాదళోద్యోగి కుమార్తె. ఆమెకు ఆటిజము. ఈత ఆమెకు మొదట చికిత్సగా నేర్పబడెను. తరువాత అదియే ఆమె జీవితమాయెను. 2022 మార్చి 20వ తేదీన, పదుమూడేండ్ల ప్రాయమున, లంకయందలి తలైమన్నారునుండి ధనుష్కోటివఱకు 29 కిలోమీటర్ల సముద్రమును 13 గంటల 10 నిమిషములలో ఈదినది. వారధి కట్టి దాటినట్లు రామాయణమున చెప్పబడిన జలములనే ఈ బాలిక చేతులతో దాటినది. 2024లో ఇంగ్లీషుచానెలును గూడ ఈది దాటెను. ఆటిజముగల బిడ్డలలో పలువురిని నీరు అయస్కాంతమువలె ఆకర్షించును. ఇల్లువిడిచి పోయి చెఱువులలో, కాలువలలో మునిగి మరణించు ప్రమాదము వారికి ఎక్కువ. కనుక ఈత వారికి ఆటయే గాదు, ప్రాణరక్షణము. ఆ భయముతో ఈత నేర్పిన తల్లిదండ్రులు, సముద్రతీరమున బిడ్డ వచ్చుట చూచిననాడు ఏమనుకొనిరో మన మూహింపవచ్చును.

రెండవది మన తెలుగునాటి కథ. వరంగల్లుజిల్లా కల్లెడ గ్రామమున కూలిపనిచేయు కుటుంబమున పుట్టిన దీప్తి జీవన్‌జీ మేధోవైకల్యముగల పరుగువారి తరగతిలో పోటీచేయును. ఆమెది ఆటిజపు కథ యని నేను చెప్పుటలేదు. నింద యొక్కటియే గనుక చెప్పుచున్నాను. చిన్ననాట ఇరుగుపొరుగువారు ఆమెను పిచ్చిదనియు, కోతియనియు ఎగతాళిచేసిరి. అనాథాశ్రమమున వదలుడని తల్లిదండ్రులకు బోధించిరి. మిసిసిపీలో 1937లో వైద్యులు చెప్పినమాటయు ఇదియే గదా! దీప్తి తల్లిదండ్రులు మాత్రము వినలేదు. 2024 మే నెలలో జపానుదేశపు కోబేనగరమున దీప్తి 400 మీటర్లను 55.07 సెకండ్లలో పరుగెత్తి తన తరగతిలో ప్రపంచరికార్డు నెలకొల్పినది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సునందు కాంస్యపతకము గెలిచినది. ఎగతాళిచేసిన నోళ్లే అప్పుడు జయజయధ్వానములు చేసినవి. శతకనీతి చొప్పున ఆమె తండ్రికి ఆనాడే పుత్రికోత్సాహము కలిగియుండవలయును. కాని లోకము వెక్కిరించిన ఇరువదియేండ్లు ఆ బిడ్డకు అన్నము పెట్టి, ఏడ్చిననాడు ఓదార్చి, పరుగునకు పంపినది ఏ యుత్సాహము? మెప్పు రాకముందే అది లేకుండినయెడల ఆ మెప్పు ఎన్నటికిని రాకపోయెడిది.

చదువరులారా! జియాలును దీప్తులును కొందఱే. ఆటిజముగల బిడ్డలలో అధికసంఖ్యాకులు ఏ పతకమును గెలువరు. కొందఱు ఈతకొలనుమెట్టుపై కూర్చుండి పాదములు తడుపుకొనుటకే ఒక మాసము పట్టును. వారికొఱకు మనము చేయదగిన పనులు చిన్నవి. ఆటస్థలమున ఒక గంటసేపు ఈలలు, శబ్దయంత్రములు లేకుండ చేయవచ్చును. నియమములను నోట చెప్పుటతో తృప్తినొందక బొమ్మలతో చూపవచ్చును. ప్రతిదినము ఒకే వేళకు, ఒకే క్రమమున ఆట ప్రారంభింపవచ్చును. జట్టు ఆట సరిపడనివానికి ఈత, పరుగు, సైకిలు నేర్పవచ్చును. ఒక ఆట కుదరకున్న రెండవది, రెండవది కుదరకున్న మూడవది చూపవచ్చును. వాడు వలదనినచో ఆ దినమునకు ఇంటికి తీసికొనిపోవచ్చును. బలవంతముచేసి ఆడించుట మురిపెము గాదు, హింస. అన్నిటికంటె ముఖ్యముగా, చేతులు ఆడించుచు గెంతుచున్న బిడ్డను జూచి తల్లివైపు వేలు చూపకుండుట మనకు సాధ్యమే.

నేను చూచిన తల్లి ఆ సాయంకాలము దీపములు వెలుగువఱకు ఆడించినది. మరల రెండుమాఱులు షటిల్ తగిలెను. పోవునపుడు ఆ బాలుడు రాకెట్టును తల్లికీయక తానే చంకనుంచుకొని నడచెను. రేపును వచ్చెదరా యని నేనడిగితిని. ఆమె బదులుచెప్పకముందే బాలుడు నావైపు చూడకయే "రేపు, అయిదు గంటలు" అనెను. ఆమె నవ్వి, వాని వెనుక నడచిపోయెను.

సుమతీశతకకారుని నీతిని నేను తప్పుపట్టుటలేదు. లోకము మెచ్చుట మంచిదే. కాని ఈ తొంబదియేండ్ల చరిత్ర దానికొక సవరణ వ్రాసియున్నది. కొందఱు బిడ్డల విషయమున లోకము మెచ్చుటకు పూర్వమే కన్నవారు మురియవలసియుండును. ఆ మురిపెమే బిడ్డను మైదానమునకు నడిపించును. వారు ఒంటరిగా మురియకుండునట్లు ప్రక్కన నిలుచుట మనవంతు.